ఆల్బెమార్ల్ పిప్పిన్: అక్టోబర్‌లో కోసి సంక్రాంతికి తినాల్సిన ఆపిల్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వర్జీనియాలో ఒక తోటకు వెళ్లి అక్టోబర్ రెండో వారంలో అర బుషెల్ (దాదాపు పది కిలోలు) ఆల్బెమార్ల్ పిప్పిన్ కొన్నారు. ఇంటికి తెచ్చి కోస్తే గట్టిగా, పళ్లు జివ్వుమనేంత పుల్లగా ఉంది. తొక్క మీద మసిలాంటి మరకలు. ఇది నాసిరకం సరుకా, గ్రానీ స్మిత్‌కే ఇంకో పేరా, ఇంత పేరున్న పాత రకమంటున్నారు కదా ఉత్తర వర్జీనియాలో జిగట ఎర్రమట్టి ఉన్న మీ పెరట్లో ఒక మొక్క వేసుకోవచ్చా అని.

సరుకు బాగానే ఉంది. తినే వేళ ఇంకా రాలేదు, అంతే. ఆవకాయ కలిపిన రోజే రుచి చూసి తీర్పు చెప్పం కదా, ఇదీ అలాంటిదే. ఇది చలికాలపు ఆపిల్. చెట్టు మీద కోతకు వస్తుంది, పెట్టెలో పండుతుంది. ఎప్పుడు కోయాలి, ఎలా దాచాలి, చెట్టుకు ఏం చేయాలి అన్నవన్నీ ఆ ఒక్క గుణం చుట్టూనే తిరుగుతాయి.

ముందు పేరు సంగతి. దీని అసలు పేరు న్యూటౌన్ పిప్పిన్. న్యూయార్క్ క్వీన్స్‌లో ఇప్పుడు ఎల్మ్‌హర్స్ట్ అంటున్న చోటును అప్పట్లో న్యూటౌన్ అనేవారు. 18వ శతాబ్దం మొదట్లో అక్కడ గింజ నుంచి మొలిచిన చెట్టు ఇది. అంటు కోసం కొమ్మలు కోసీ కోసీ తల్లిచెట్టు 1805 ప్రాంతంలో ఎండిపోయిందని పాత పుస్తకాల్లో రాశారు. 1755 ప్రాంతంలో డాక్టర్ థామస్ వాకర్ కొమ్మలను వర్జీనియాకు తెచ్చి ఆల్బెమార్ల్ కౌంటీలోని క్యాసిల్ హిల్‌లో అంటు కట్టాడని చెబుతారు. బ్లూ రిడ్జ్ కొండల ఒడిలో, నీరు నిలవని నల్లటి లోతైన నేలల్లో ఇది ఎంత బాగా కుదురుకుందంటే ఊరి పేరే దానికి స్థిరపడింది. కాబట్టి న్యూటౌన్, ఎల్లో న్యూటౌన్, ఆల్బెమార్ల్ అని మూడు పేర్లతో నర్సరీ జాబితాల్లో కనిపిస్తే కంగారుపడకండి. గ్రీన్ న్యూటౌన్ అని కాస్త ఎక్కువ పచ్చగా ఉండే తోబుట్టువు ఒకటి ఉంది. ఇంటి తోటకు ఆ తేడా పెద్దగా లెక్కలోకి రాదు.

దీని ప్రతిష్ఠ అంతా నిల్వగుణం వల్ల వచ్చిందే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1759లో లండన్‌లో ఉన్నప్పుడు వీటిని పీపాల్లో తెప్పించుకున్నాడు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1785లో ఫ్రాన్స్ నుంచి రాసిన ఉత్తరంలో మన న్యూటౌన్ పిప్పిన్‌కు సాటి వచ్చే ఆపిల్ ఇక్కడ లేదన్నాడు. 1830ల చివర్లో బ్రిటన్‌లో అమెరికా రాయబారిగా ఉన్న ఆండ్రూ స్టీవెన్సన్ విక్టోరియా రాణికి ఒక బుట్ట ఇచ్చాక వీటి మీద దిగుమతి సుంకం ఎత్తేశారని ప్రసిద్ధి. శీతల గిడ్డంగులు లేని రోజుల్లో, తెరచాప ఓడలో వారాల తరబడి ప్రయాణించి కూడా రాణిగారి ముందు పెట్టేటట్టు ఉండగలిగిన పండు అది. ఈనాటికీ కాలిఫోర్నియాలో వాట్సన్‌విల్ చుట్టుపక్కల పండే న్యూటౌన్లే మార్టినెల్లీస్ ఆపిల్ రసానికి ప్రధానమైన కాయ.

ఇక గ్రానీ స్మిత్‌తో పోలిక. రెండూ పచ్చగా, పుల్లగా ఉంటాయి కాబట్టి పొరపాటు పడటం సహజం. గ్రానీ స్మిత్ ఆస్ట్రేలియాలో పుట్టిన వేరే రకం. కాయను చేతిలోకి తీసుకుని చూడండి. పిప్పిన్ కాస్త చదునుగా, ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటుంది. తొడిమ గుంటలో గోధుమరంగు గరుకు పొర నక్షత్రంలా భుజాల మీదికి పాకుతుంది. ఎండ తగిలిన వైపు లేత గులాబీ ఛాయ రావచ్చు. గ్రానీ స్మిత్ అయితే గుండ్రంగా, నున్నగా, ఒకే పచ్చరంగులో తెల్లటి చుక్కలతో ఉంటుంది. కండ కూడా వేరు. పిప్పిన్ కండ సన్నని పోగుతో, మీగడ రంగుకు తిరిగి ఉంటుంది, వాసనలో దేవదారు చెక్క ఛాయ తగులుతుంది. నిల్వ ఉంచితే గ్రానీ స్మిత్ పసుపెక్కి, తొక్క జిడ్డు దేరి, కాస్త తీపి తేలుతుందే గానీ వాసన కట్టదు. పిప్పిన్‌కు వాసన కట్టేదే నిల్వలో.

లోపల జరిగేది ఇది. కోసిన రోజున కండలో పిండి పదార్థం ఇంకా మిగిలి ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో అది చక్కెరగా మారుతుంది. కోసిన తర్వాత కూడా కాయ శ్వాసిస్తూనే ఉంటుంది కదా, ఆ శ్వాసకు మాలిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా ఖర్చు చేసుకుంటుంది. అంటే నవంబర్ తర్వాత చక్కెర పెద్దగా పెరగకపోయినా పులుపు దిగుతుంది కాబట్టి నాలుకకు తీపి పెరిగినట్టు తెలుస్తుంది. వాసననిచ్చే పదార్థాలు కూడా ఈ దశలోనే తయారవుతాయి. గాలా లాంటి తొందర రకాల్లో ఇదంతా కొన్ని వారాల్లో జరిగి కండ పిండిపిండిగా అయిపోతుంది. పిప్పిన్‌లో ఎంతో నెమ్మదిగా జరుగుతుంది. సరిగ్గా దాచితే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి రుచిలో ఉంటుంది, మార్చి, ఏప్రిల్ దాకా కూడా తినదగ్గట్టే ఉంటుంది. కశ్మీర్ అంబ్రీ గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు, అదీ ఆలస్యంగా కోతకొచ్చి చలికాలమంతా నిలిచే రకమే.

ఆ మసి మరకల సంగతి కూడా తేల్చేస్తాను. బొటనవేలితో గట్టిగా రుద్దండి, లేదా తడిగుడ్డతో తుడవండి. పోతే అది తొక్క పైన మాత్రమే బతికే బూజు, ఇక్కడ సూటీ బ్లాచ్ అంటారు. దాని పక్కనే ఈగ వాలినట్టు గుంపుగా కనిపించే సన్నని నల్లచుక్కలు ఫ్లైస్పెక్. వర్జీనియా వేసవి ఉక్కకు, ఆలస్యంగా కోతకొచ్చే కాయల మీద ఇవి రావడం మామూలే. లేతరంగు తొక్క కాబట్టి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తినడానికి ఏ దోషమూ లేదు. నొక్కితే మెత్తగా దిగి, గోధుమరంగులో గుండ్రంగా పెరిగే మచ్చ మాత్రం కుళ్లు. అది ఉన్న కాయను వెంటనే పెట్టెలోంచి తీసేయండి.

ఇప్పుడు మీ పెట్టెను ఏం చేయాలో చెబుతాను. కాయలన్నీ టేబుల్ మీద పరిచి మూడు కుప్పలు చేయండి. తొడిమ ఊడినవి, దెబ్బ తగిలినవి, పురుగు రంధ్రం ఉన్నవి ఒక కుప్ప, అవి ఈ రెండు వారాల్లోనే వంటకు. మరీ పెద్దవి రెండో కుప్ప, ఎందుకంటే పెద్ద కాయలు ముందుగా మెత్తబడతాయి, బిటర్ పిట్ (తొక్క కింద చేదు గుంటలు పడే లోపం) కూడా వాటికే ఎక్కువ. వాటిని థాంక్స్‌గివింగ్ (నవంబర్ చివర్లో వచ్చే పండగ) లోపు వాడండి. మధ్యరకం కాయలు, తొడిమతో, ఏ గీతా లేనివి మాత్రమే దాచడానికి. దాచేవాటిని కడగకండి. తడి కుళ్లును పిలుస్తుంది, రుద్దితే తొక్క మీది సహజమైన మైనం పోయి కాయ త్వరగా ముడతలు పడుతుంది. మరకలను తినే ముందు తుడుచుకుంటే చాలు.

చల్లదనం అన్నిటికన్నా ముఖ్యం. గది వేడిలో ఒక రోజు ఉంచడం దాదాపు ఫ్రిజ్‌లో వారం రోజులు గడవడంతో సమానం. కాబట్టి తర్వాత చూద్దాంలే అని గరాజ్‌లో పెట్టి మర్చిపోవద్దు. వర్జీనియా కొండల్లో పండిన కాయను 32 నుంచి 34 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా దించవచ్చు. కాలిఫోర్నియా తీరంలో, పొగమంచు వేసవుల్లో పండిన న్యూటౌన్లను మాత్రం అంత చల్లబరిస్తే లోపల కండ గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే అక్కడివాళ్లు 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచుతారు. మీ కాయ ఎక్కడిదో తెలియకపోతే 37, 38 డిగ్రీలు పెట్టుకోండి, రెంటికీ సరిపోతుంది. గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉంటే దాని కూరగాయల సొరుగు మేలైన చోటు. ఫ్రిజ్ మీద అంకెను నమ్మకుండా 5 డాలర్ల థర్మామీటర్ ఒకటి లోపల పెట్టండి. వెనక గోడకు ఆనుకున్న కాయలు గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టి కరిగిన కాయ నీరుగారిపోతుంది, ఇక నిలవదు.

రెండోది తేమ. ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది. పలచని ప్లాస్టిక్ సంచికి పెన్సిల్ మందం రంధ్రాలు ఎనిమిది పది పొడిచి, ఒక్కో సంచిలో 2 కిలోల లోపు కాయలు ఉంచండి. సంచి లోపల నీటిబొట్లు కనిపిస్తే రంధ్రాలు పెంచండి. కాయలు వడలితే తగ్గించండి. బేస్‌మెంట్‌లో వేడి తగలని మూల 45 డిగ్రీల లోపు ఉండే ఇళ్లలో అట్టపెట్టెలో కూడా పెట్టుకోవచ్చు. ఒక్కో కాయను చిన్న వార్తాపత్రిక ముక్కలో చుట్టి, రెండు వరుసలకు మించకుండా పేర్చాలి. అలా అయితే జనవరి చివరి దాకా బాగుంటాయి.

మూడోది పొరుగు. గాలా, హనీక్రిస్ప్, పండిన అరటి, బేరి వదిలే ఎథిలీన్ ఈ కాయలను తొందరగా ముగ్గబెడుతుంది. కాబట్టి అదే సొరుగులో వద్దు. ఉల్లి, బంగాళాదుంపలు పక్కనుంటే వాటి వాసన ఆపిల్‌కు అంటుకుంటుంది. పది పదిహేను రోజులకోసారి సంచి తెరిచి వాసన చూడండి. పులిసిన వాసన వస్తే ఒక కాయ ఎక్కడో కుళ్లుతోందని అర్థం.

జనవరిలో కొన్ని కాయల తొక్క మీద కాలినట్టు గోధుమరంగు పాకితే అది స్కాల్డ్. తొక్కలోని సహజ నూనె గాలికి ఆక్సీకరణం చెంది అలా అవుతుంది. తొందరపడి కోసిన పచ్చికాయలకు ఎక్కువగా వస్తుంది. తొక్క తీసి తినేయవచ్చు. పూర్వం ఆపిళ్లను నూనె కాగితాల్లో చుట్టి పంపడం దీనికి విరుగుడుగానే.

ఈ పులుపును వృథా చేసుకోవద్దు. పచ్చి మామిడికాయ దొరకని ఊళ్లలో మనవాళ్లు గ్రానీ స్మిత్‌తో పప్పు, పులిహోర చేసుకోవడం తెలిసిందే. అక్టోబర్ పిప్పిన్ ఆ పనికి ఇంకా బాగా ఒదుగుతుంది, పులుపుతో పాటు వగరు కూడా ఉంటుంది కాబట్టి. పప్పుకైతే కప్పు కందిపప్పుకు రెండు మధ్యరకం కాయలు. పప్పు వేరుగా ఉడికించి, ముక్కలను విడిగా కొంచెం నీళ్లలో, పసుపు, పచ్చిమిరపతో ఐదారు నిమిషాలే ఉడికించి కలపండి. కుక్కర్‌లో కలిపి పెడితే ముక్క మిగలదు. పులిహోరకు తురిమిన వెంటనే ఉప్పు చల్లితే నల్లబడటం నెమ్మదిస్తుంది. పోపులో రెండు నిమిషాలకు మించి ఉంచకండి. పులుపు మామిడంత పదునుగా ఉండదు, అర నిమ్మచెక్క పిండాలి. ఉగాది పచ్చడికి మాత్రం దాచిన పిప్పిన్‌ను నమ్ముకోవద్దు. మార్చి చివరికి దాని పులుపు చాలా దిగిపోయి ఉంటుంది.

ఇక పెరట్లో మొక్క. వేయొచ్చు, ఉత్తర వర్జీనియా వాతావరణం దీనికి సరిపడేదే. అయితే ఇది ఓపిక అడిగే చెట్టు, తెగుళ్లకు లొంగే చెట్టు. మందు అసలు కొట్టను అనుకునేవారికి నేను ఈ రకం చెప్పను. గోల్డ్ రష్ వేసుకోమంటాను. అది కొత్త రకమే అయినా ఇలాగే నిల్వ ఉంటుంది, స్కాబ్ (ఆకులకు, కాయలకు పక్కు కట్టించే బూజు తెగులు) తట్టుకుంటుంది.

మీది జిగట ఎర్రమట్టి అన్నారు. నీరు నిలిచే చోట పిప్పిన్ బతికినా సుఖపడదు. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. ఇంకిపోయాక మళ్లీ నింపండి. రెండోసారి నింపినది మర్నాటికీ నిలిచి ఉంటే అక్కడ వద్దు, వాలున్న చోట వేయండి, లేదా అడుగు ఎత్తున, ఆరడుగుల వెడల్పున మట్టిదిబ్బ పోసి దాని మీద నాటండి. గుంటలో కంపోస్టు నింపి నాటడం జిగట మట్టిలో చేటు చేస్తుంది. ఆ గుంట తొట్టిలా నీళ్లు పట్టుకుంటుంది. తీసిన మట్టే తిరిగి వేసి, కంపోస్టును పైన పరచండి. నాటే ముందు కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ద్వారా మట్టి పరీక్ష చేయించుకోండి. పీహెచ్ 6 నుంచి 6.5 ఉండాలి. తక్కువైతే సున్నం ముందే కలపాలి, నాటాక అది వేళ్ల దాకా దిగడానికి ఏళ్లు పడుతుంది.

రూట్‌స్టాక్ (అంటు కట్టే అడుగు మొక్క) విషయంలో జిగట మట్టికి ఎమ్ఎమ్ 111 దీటైనది. చెట్టు పెద్దదవుతుంది, 15 నుంచి 18 అడుగుల ఎడం కావాలి, కాపుకు ఆరేడేళ్లు ఆగాలి. స్థలం తక్కువైతే జీ 41 లేదా జీ 935 తీసుకోండి. ఇవి ఫైర్ బ్లైట్‌ను (చిగుళ్లను మాడ్చే బ్యాక్టీరియా తెగులును) తట్టుకునే, న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో తయారైన రకాలు, కాపు ముందుగా వస్తుంది, కానీ జీవితాంతం గుంజ ఆసరా ఉండాలి. అంటు కట్టిన ఉబ్బు నేలకు రెండు మూడు అంగుళాలు పైన ఉండేలా నాటండి. అది మట్టిలో పూడితే పైచెట్టు సొంత వేళ్లు వేసి రూట్‌స్టాక్ గుణం పోతుంది. మొదటి రెండు మూడేళ్లు మొక్క సన్నగా, మందకొడిగా ఉండి, బెరడు గరుకుగా కనిపిస్తుంది. రోగమనుకోవద్దు, 19వ శతాబ్దపు తోటమాలులు ఈ రకాన్ని లేతప్రాయంలో గుర్తుపట్టింది ఆ గరుకు బెరడును బట్టే. దానికి నత్రజని ఎక్కువేసి తొందరపెడితే కొమ్మలు ఏపుగా వచ్చి ఫైర్ బ్లైట్‌కు దొరికిపోతాయి. కొమ్మలను నిలువు నుంచి 60 డిగ్రీల దాకా వంచి కడితే కాపు ముందుకొస్తుంది.

పరాగం కోసం దగ్గరలో వేరే రకం ఒకటి ఉండాలి. గోల్డెన్ డెలిషియస్ లేదా గ్రైమ్స్ గోల్డెన్ చాలు. పొరుగింట్లో క్రాబ్ ఆపిల్ పూసినా పని జరుగుతుంది. వైన్‌సాప్‌ను మాత్రం జతగా లెక్కించకండి, దాని పుప్పొడి పనికిరాదు.

కాపు మొదలయ్యాక ఎక్కువమంది నష్టపోయేది పిందెల దగ్గరే. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మానేయడం ఈ రకానికి అలవాటు. పిందెల్లోని గింజలు విడుదల చేసే జిబ్బరెల్లిన్లు అనే హార్మోన్లు వచ్చే ఏటి పూమొగ్గ కట్టకుండా ఆపుతాయి. ఆ మొగ్గ నిర్ణయం పూత రాలిన నెలా నెలన్నరలోనే జరిగిపోతుంది. కాబట్టి పిందె గోళీకాయంత ఉండగానే గుత్తికి ఒకటి ఉంచి, కాయకూ కాయకూ ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎడం వచ్చేలా మిగతావి గిల్లేయాలి. జులైలో గిల్లితే మిగిలిన కాయ పెరుగుతుంది గానీ వచ్చే ఏటి పూత రాదు. మనసు ఒప్పక వదిలేస్తే రెండేళ్ల కాపు ఒకే ఏడు చిన్న కాయలుగా వస్తుంది.

అలాగని మరీ పలచన చేసినా, లేత చెట్టు మీద కొద్ది కాయలే ఉన్నా, బిటర్ పిట్ వస్తుంది. కాయ అడుగు వైపు తొక్క కింద గోధుమరంగు చేదు గుంటలు పడతాయి, తరచూ దాచిన తర్వాతే బయటపడతాయి. కాయ పెరిగినంత వేగంగా కాల్షియం అందకపోవడమే కారణం. జూన్ నుంచి ఆగస్టు దాకా నీటి ఎద్దడి లేకుండా చూడటం, నత్రజని, పొటాష్ అతిగా వేయకపోవడం మొదటి మందు. పైన కాల్షియం క్లోరైడ్ లీటరుకు 2 గ్రాముల చొప్పున రెండు వారాలకోసారి, కాయలు బాగా తడిసేలా కొట్టండి. 85 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన ఎండలో కొడితే ఆకు అంచులు మాడతాయి.

తెగుళ్లలో స్కాబ్ మొదటిది. రాలిన ఆకుల్లో చలికాలం గడిపి వసంతపు వానలకు లేస్తుంది. నవంబర్‌లో రాలిన ఆకులు ఊడ్చి తీసేస్తే సగం పోరు అక్కడే అయిపోతుంది. చిగురు పచ్చగా కనబడిన రోజు నుంచి పూరేకులు రాలిన రెండు మూడు వారాల దాకా వానలను బట్టి వారం పది రోజులకోసారి గంధకం లేదా కాప్టాన్ అనే బూజు మందు, లేబుల్ మీద రాసిన మోతాదులో కొట్టాలి. ఫైర్ బ్లైట్ బ్యాక్టీరియా పూల ద్వారా దూరుతుంది. పూత మీద ఉండగా 65 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన వెచ్చదనం, వాన కలిసిన రోజులు ప్రమాదకరం. చిగురు చివర కొంకిలా వంగి నల్లబడితే, మాడిన చోటుకు అడుగు కిందికి, పొడి వాతావరణం ఉన్న రోజున కోసేయండి. ప్రతి కోతకూ కత్తెరను ఆల్కహాల్‌తో తుడవాలి. జింకల బెడద ఉన్న చోట మొదటి రోజు నుంచే ఐదడుగుల తీగ వల కట్టండి. ఎలుకలు మొదలు కొరకకుండా సన్నని జాలీ కూడా చుట్టాలి.

కోతకు తేదీ చూడకండి, కాయను చూడండి. మీ ప్రాంతంలో అక్టోబర్‌లో పడుతుంది. తొక్కలో గడ్డిపచ్చ వెలిసి లేత పసుపు జీర కనబడాలి, గింజలు పూర్తి గోధుమరంగుకు రావాలి. నికరంగా తెలుసుకోవాలంటే అయోడిన్ పరీక్ష ఉంది. కాయను అడ్డంగా కోసి లూగోల్ ద్రావణం పూసి నిమిషం ఆగితే పిండి ఉన్నచోట నల్లనీలమవుతుంది. గింజల చుట్టూ తెల్లబడి, బయటి కండ ఇంకా నీలంగా ఉంటే దాచడానికి సరైన వేళ. మొత్తం నల్లబడితే ఇంకో వారం ఆగాలి, అప్పుడే కోసేస్తే ఆ కాయ వడలి స్కాల్డ్‌కు గురవుతుంది, ఎన్నాళ్లున్నా వాసన రాదు. మొత్తం తెల్లగా ఉంటే ఆలస్యమైంది, క్రిస్మస్ లోపు తినేయండి. పరీక్ష చేసిన ముక్క మాత్రం తినకూడదు.

అంటుకొమ్మలు ఇండియాకు తీసుకెళ్లవచ్చా అని చివర్లో అడిగారు. దిగుమతి అనుమతి, క్వారంటైన్ లేకుండా మొక్క భాగాలు తీసుకెళ్లడం చట్టవిరుద్ధం, ఫైర్ బ్లైట్ లాంటివి వెంట వెళ్లే ప్రమాదమూ ఉంది. పైగా చలికాలంలో మొగ్గ నిద్రలేవడానికి కావలసినంత చలి మన మైదానాల్లో పడదు, చెట్టు ఆకులు వేస్తుందే తప్ప కాపుకు రాదు. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరిలో ఆపిల్ పండిన వార్త చూసే ఉంటారు. అక్కడ వేసింది తక్కువ చలికి కాసే హెచ్ఆర్ఎమ్ఎన్ 99 రకం. ఊళ్లో వేయించాలనుకుంటే దాని గురించి వాకబు చేయండి.